డిక్కీలో మూడో వరుస: కుషన్ కింద ఉండాల్సినవి

అయిదు సీట్ల ఎస్‌యూవీ కొన్న ఇంట్లోకి కొన్నాళ్లకు ఆరో మనిషి వస్తారు. ఊళ్లో ఒంటరిగా ఉండలేక కొడుకు దగ్గరికి వచ్చేసిన నాయనమ్మ కావచ్చు, రెండో కాన్పు బిడ్డ కావచ్చు, హైదరాబాదులో చదువుకుందామని వచ్చిన మేనకోడలు కావచ్చు. ఆఫీసుకూ బడికీ ఆ కారు సరిపోతూనే ఉంటుంది. సంక్రాంతికి విజయవాడ దారి పట్టినప్పుడు, ఆదివారం యాదగిరిగుట్టకు బయల్దేరినప్పుడు, శ్రీశైలం వెళ్దామని ఇంటిల్లిపాదీ తయారైనప్పుడు మాత్రం ఒకరు మిగిలిపోతారు. వెనక్కి తిరిగి చూస్తే డిక్కీ విశాలంగా కనిపిస్తుంది. అక్కడ ఒక సీటు వేయిస్తే పోలా అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది.

వేయించడం కష్టమేమీ కాదు. పాత బండి నుంచి ఊడదీసిన మడత సీటు, కొత్త రెగ్జిన్, నాలుగు బోల్టులు, ఒక పూట పని. ఏడు సీట్ల కారుకు మారడానికి పెట్టాల్సిన సొమ్ముతో పోలిస్తే ఆ ఖర్చు చాలా చిన్నది. పని నీటుగా చేస్తే కంపెనీ సీటుకూ దీనికీ తేడా కంటికి కనిపించదు. చిక్కంతా అక్కడే ఉంది. సీటు అనగానే కూర్చునే కుషనూ, వీపు ఆనించుకునే దిండూ గుర్తొస్తాయి. ప్రమాదంలో మనిషిని కాపాడేవి మాత్రం ఆ కుషన్ కిందా, పక్కనా, పైనా ఉంటాయి. షెడ్డులో వేయించిన సీటుకు లేనివి సరిగ్గా అవే. పైగా ఆ సీటులో కూర్చోబెట్టేది ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లను.

సుమో, క్వాలిస్ నేర్పిన అలవాటు

ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. 1994లో వచ్చిన టాటా సుమో, 2000లో వచ్చిన టయోటా క్వాలిస్, ఆ తర్వాత బొలెరో, స్కార్పియో తెలుగు నాట ఎన్నో పెళ్లిళ్లను, తీర్థయాత్రలను మోశాయి. వాటిలో చాలా రకాలకు వెనుక ఎదురెదురుగా రెండు బల్లల్లాంటి సీట్లుండేవి. నలుగురికని చెప్పిన చోట ఆరుగురు ఇరుక్కున్న ప్రయాణాలు ఒక తరానికంతటికీ గుర్తే. వెనుక భాగమంటే ఎంతమందినైనా సర్దగలిగే ఖాళీ జాగా అన్న భావన అప్పుడు స్థిరపడింది.

ఆ బండ్ల నిర్మాణం వేరు. కింద నిచ్చెన ఆకారంలో దృఢమైన ఉక్కు ఛాసిస్ ఉంటుంది. బాడీని విడిగా తయారు చేసి దాని మీద కూర్చోబెడతారు. బరువు ఎక్కడ పెట్టినా చివరికి ఆ ఛాసిసే మోస్తుంది. అంతమాత్రాన ఆ సీట్లు సురక్షితమని కాదు. పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి ఎదురు నుంచి వచ్చే దెబ్బ ఛాతీ మీద పడదు, భుజం మీదుగా మెడను పక్కకు విరుస్తుంది. మనిషి మెడ ఆ దిశలో అంత లాగుడు తట్టుకోలేదు. బరువు మోయడం వరకే ఛాసిస్ బండ్లు ఓర్చుకున్నాయి, మనుషుల సంగతి వేరు.

ఇప్పుడు నగరంలో ఎక్కువగా తిరిగే క్రెటా, సెల్టోస్, హారియర్, హెక్టర్ లాంటి కార్లకు విడిగా ఛాసిస్ లేదు. పలుచని ఉక్కు రేకులను మడతలు పెట్టి, ఒకదానికొకటి వెల్డింగ్ చేసి, బాడీనే అస్థిపంజరంగా మలిచారు. ఏ బలం ఏ దారిలో ప్రయాణించాలో ముందే లెక్కగట్టి, ఆ దారుల్లో మాత్రమే మందమైన ఉక్కు పెడతారు. మిగిలిన చోట్ల రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అయిదు సీట్ల కారులో డిక్కీ నేల ఆ మిగిలిన చోట్ల కిందికే వస్తుంది. అది సూట్‌కేసులు మోయడానికి, స్టెప్నీ టైరును పట్టి ఉంచడానికి చేసిన నేల.

కార్పెట్ ఎత్తి చూస్తే

డిక్కీలోని కార్పెట్, దాని కింది అట్ట తీస్తే గుండ్రటి గుంటలో స్టెప్నీ కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న సన్నని అంచు మీదే సీటు కాళ్లు నిలబడాలి. అక్కడ డ్రిల్లుతో రంధ్రం చేసి, కింది నుంచి నట్టు, ఒక వాషరు పెట్టి బిగిస్తారు. ఆ రేకుకు అవతల, అంటే కారు అడుగున, సైలెన్సర్, వెనుక చక్రాలకు వెళ్లే బ్రేకు పైపులు, వైర్ల కట్టలు ఉంటాయి. కొన్ని డీజిల్ కార్లలో పొగ శుద్ధికి వాడే ద్రవం ట్యాంకు కూడా ఉంటుంది. విద్యుత్ కార్లలోనైతే నేల కింద బ్యాటరీ ఉండవచ్చు కాబట్టి అక్కడ డ్రిల్లు పెట్టాలన్న ఊహే ప్రమాదకరం. దేనికీ తగలకుండా రంధ్రం పడిందనుకున్నా, తుప్పు పట్టకుండా వేసిన పూత ఆ చోట పోతుంది. రెండు వానాకాలాలు గడిస్తే రంధ్రం అంచు చుట్టూ గోధుమ రంగు వలయం కనిపిస్తుంది. బోల్టు పట్టుకుని ఉన్నది ఆ తుప్పు పట్టే అంచునే.

ఆ పట్టు ఎంత బలంగా ఉండాలో లెక్క వేసి చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకోండి. లోపల ఉన్న ప్రతి శరీరం మీదా దాని బరువుకు దాదాపు 17 రెట్ల బలం పడుతుంది. 20 కిలోల పిల్లవాడిని పట్టి ఉంచాలంటే బెల్టు 340 కిలోల బరువుకు సమానమైన లాగుడు తట్టుకోవాలి. 60 కిలోల మనిషికైతే అది టన్ను పైమాటే. అందుకే సీటు బెల్టు బిగింపులకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నిబంధన కార్ల విషయంలో చాలా కఠినంగా ఉంటుంది. భుజం పట్టీని 13,500 న్యూటన్లతో, నడుము పట్టీని మరో 13,500 న్యూటన్లతో ఒకేసారి లాగి చూస్తారు. ఒక్కొక్కటీ సుమారు 1,375 కిలోల బరువుతో సమానం. బెల్టును బాడీకి బిగించే బోల్టు కూడా మామూలుది కాదు. ప్రపంచమంతటా దానికి వాడే కొలత అంగుళంలో పదహారింట ఏడు వంతులు. అది దిగే చోట రేకు వెనుక మందమైన పలక వేసి, దానికే నట్టును వెల్డింగ్ చేసి ఉంచుతారు. ఒక మిల్లీమీటరు రేకు, రూపాయి బిళ్ల సైజు వాషరు ఈ పరీక్షకు నిలబడతాయని ఏ షెడ్డూ హామీ ఇవ్వలేదు.

చాలా చోట్ల ఆ హామీ అవసరమే రాదు, ఎందుకంటే బెల్టే వేయరు. వేసినా నడుము పట్టీ ఒక్కటే వేస్తారు. భుజం మీదుగా వచ్చే పట్టీకి పైన, వెనుక స్తంభంలో బలమైన బిగింపు కావాలి, అయిదు సీట్ల కారులో ఆ చోట అది ఉండదు. నడుము పట్టీ పిల్లల విషయంలో మరీ చిక్కు. వాళ్ల కటి ఎముకలు ఇంకా చిన్నవి కావడంతో పట్టీ పైకి జారి మెత్తని పొట్ట మీదికి వస్తుంది. కారు ఆగినప్పుడు శరీరం మొత్తం ఆ పట్టీ మీద మడుచుకుంటుంది.

ఇక తల సంగతి. డిక్కీలో బిగించిన సీటుకూ వెనుక అద్దానికీ మధ్య మిగిలేది జానెడు జాగా. వెనుక నుంచి మరో వాహనం గుద్దితే ఆ దెబ్బను పీల్చుకుంటూ నలిగిపోవడానికే ఇంజినీర్లు ఆ భాగాన్ని కేటాయించారు. డిక్కీ నలిగితే లోపలి మనుషులు దక్కుతారన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. ఆ నలిగే చోటే పిల్లవాడిని కూర్చోబెడితే ఆ ఆలోచనకు అర్థమే ఉండదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. అక్కడ టోల్ గేటు దగ్గర, దిగే దారి దగ్గర ముందు కారు ఒక్కసారిగా నెమ్మదిస్తే వెనుక వచ్చే లారీకి అంత త్వరగా ఆగే వీలుండదు.

గుద్దుకోవడం గురించి ఆలోచించేవారు కూడా బయటికి రావడం గురించి మర్చిపోతారు. కంపెనీ ఏడు సీట్ల కారులో రెండో వరుస సీటు మొత్తం ముందుకు దొర్లుతుంది లేదా జరుగుతుంది, వెనుక ఉన్నవాళ్లు తలుపు దాకా రాగలుగుతారు. అయిదు సీట్ల కారులో సాధారణంగా వీపు దిండు మాత్రమే మడత పడుతుంది, కుషను కదలదు. వెనుక డిక్కీ తలుపును లోపలి నుంచి తీయడానికి పిడి ఉండదు. రెండో వరుసలో నాయనమ్మ, ఇద్దరు పెద్దలు కూర్చుని ఉండగా కారులో పొగ మొదలైతే, వెనుక ఉన్న ఇద్దరు పిల్లలు ఏ దారిన బయటికి రావాలి? సీటు వేయించే ముందు ఇంటి పెద్దలు ఒకసారి డిక్కీలో కూర్చుని, తలుపు వేయించుకుని, ఎవరి సాయమూ లేకుండా బయటికి రావడానికి ప్రయత్నిస్తే ఈ సంగతి క్షణంలో అర్థమవుతుంది. మే నెల ఎండలో ఏసీ గాలి అక్కడిదాకా చేరుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

కంపెనీలు సీటు మాత్రమే ఎందుకు పెట్టలేదు?

అయిదు సీట్ల కారునే ఏడు సీట్లుగా అమ్మితే లాభమని కంపెనీలకు తెలియక కాదు. హ్యుందాయ్ 2021లో క్రెటా నుంచి అల్కజార్‌ను రూపొందించినప్పుడు ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని 2,610 నుంచి 2,760 మిల్లీమీటర్లకు, అంటే 150 మిల్లీమీటర్లు పెంచింది. టాటా అదే ఏడాది హారియర్‌ను సఫారీగా మార్చినప్పుడు చక్రాల మధ్య దూరం 2,741 మిల్లీమీటర్లుగానే ఉంచినా, వెనుక భాగాన్ని 63 మిల్లీమీటర్లు పొడిగించి, వెనుక కూర్చునేవారి తల తగలకుండా పైకప్పును మెట్టులా ఎత్తింది. 2020లో వచ్చినప్పుడు హెక్టర్ ప్లస్ అప్పటి హెక్టర్ కంటే 65 మిల్లీమీటర్లు పొడవుగా ఉండేది. బయటికి ఇవి చిన్న అంకెల్లా ఉన్నా, వీటి వెనుక కొత్త రేకు అచ్చులు, కొత్త బిగింపులు, కొత్త స్ప్రింగులు, మళ్లీ మొదటి నుంచి అనుమతి పరీక్షలు ఉన్నాయి.

దీనికి మినహాయింపులా కనిపించేది మహీంద్రా ఎక్స్‌యూవీ 700. 2021లో వచ్చిన ఈ కారు అయిదు సీట్లదైనా, ఏడు సీట్లదైనా పొడవు 4,695 మిల్లీమీటర్లే. ఒకే బాడీ కదా, కంపెనీ విడిభాగాలనే తెచ్చి బిగిస్తే తప్పేమిటన్న ప్రశ్న ఇలాంటి కార్ల యజమానుల నుంచి వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే. పాత బండి సీటు తెచ్చి రేకుకు బిగించడం కంటే ఇది ఎంతో మెరుగు కూడా. అయినా రెండు రకాల మధ్య తేడా సీటు ఒక్కటే కాదు. బెల్టులు, వాటి బిగింపులు, పక్క అద్దాల వెంట తెరుచుకునే ఎయిర్‌బ్యాగు ఎంత దూరం పరుచుకోవాలన్నది, వెనుక స్ప్రింగుల గట్టిదనం, వీటన్నిటినీ కలిపే ఆ రకానికి అనుమతి ఇస్తారు. వాటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవన్నది బయట ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, సీట్లు అయిదు అని ఉన్నంత కాలం చట్టం దృష్టిలో ఈ పనికీ ఆ పనికీ తేడా లేదు.

బరువు విషయంలో ఒక సంగతి చాలామంది గమనించరు. వెనుక ఇరుసుకు అవతల పెట్టిన బరువు వెనుక చక్రాల మీద తన అసలు బరువు కంటే ఎక్కువగా పడుతుంది. చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లున్న కారులో ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనుక 150 కిలోలు పెడితే వెనుక ఇరుసు మీద పడేది 167 కిలోలు. ఆ అదనపు 17 కిలోలు ముందు చక్రాల నుంచి తగ్గుతాయి. స్టీరింగ్ తిప్పేది, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేది ఆ ముందు చక్రాలే. నల్లమల ఘాట్ రోడ్డు మలుపుల్లో నిండు కారు కాస్త బరువుగా, ఆలస్యంగా తిరుగుతున్నట్టు అనిపించడానికి కారణమిదే. వెనుక కుంగితే ముందు దీపాలు పైకి లేచి రాత్రిపూట ఎదురు వచ్చేవారి కళ్లలో పడతాయి. కారుకు అనుమతించిన మొత్తం బరువు సాధారణంగా తలుపు స్తంభం దగ్గరి పలక మీదో, కంపెనీ పుస్తకంలోనో ఉంటుంది. అందరినీ, సామాన్లనీ ఎక్కించుకుని ఒకసారి ధర్మకాంటా మీద తూకం వేయిస్తే, ఏడుగురితో ఆ హద్దు ఎంత త్వరగా దాటుతామో తెలిసిపోతుంది.

ఆర్‌సీలో ఉన్న అంకె

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆ వివరాల్లో ఒకటి, డ్రైవరును కలుపుకునే ఆ లెక్క. రాష్ట్రాల నిబంధనల కింద నిర్మాణపరమైన మార్పులకు అనుమతి ఇవ్వవచ్చా అన్న వివాదం కేరళ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 2019 జనవరిలో కోర్టు ఈ విషయం తేల్చేసింది. తయారీదారు ఇచ్చిన మూల నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. కాబట్టి సీటు వేయించాక ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి ఆర్‌సీలో ఏడు అని రాయించుకోవచ్చన్న మాట ఎవరైనా చెబితే నమ్మకూడదు. వైకల్యం ఉన్నవారి కోసం వాహనాన్ని మార్చుకునే వీలును మాత్రం చట్టం, నిర్దేశించిన షరతులకు లోబడి, స్పష్టంగా కల్పించింది. ఇంట్లో పెద్దవారికి ఎక్కడం దిగడం కష్టమన్నదే అసలు సమస్య అయితే ఆ దారిలో విచారించడం మేలు.

దారిలో డిక్కీ తెరిచి సీట్లు లెక్కపెట్టే పోలీసు అరుదు. అందుకే చలానా భయం ఎవరినీ ఆపడం లేదు. అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సొంత కారులో ప్రయాణించేవారికి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రక్షణ ఉండదు, సమగ్ర పాలసీ కావాలి. అది ఉన్నా బీమా సంస్థ రాసుకున్నది ఆర్‌సీలోని సీట్ల సంఖ్యనే. హిమాచల్‌ప్రదేశ్‌లో 42 మందికి అనుమతి ఉన్న బస్సు 90 మందితో ప్రమాదానికి గురైన కేసులో సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన తీర్పు, బీమా సంస్థ బాధ్యత అనుమతించిన సంఖ్య వరకేనని చెప్పింది. మిగతా పరిహారం భారం యజమానిది. కారుకు అదే సూత్రం వర్తింపజేస్తే ఆరో మనిషి, ఏడో మనిషి ఎవరి లెక్కలో ఉంటారో ఊహించవచ్చు. చెప్పకుండా చేసిన మార్పును కారణంగా చూపి, కారు మరమ్మతు క్లెయిమును కూడా సంస్థ తిరస్కరించవచ్చు.

మరి ఆరో మనిషి ఎలా వెళ్లాలి?

అవసరం నిజమైనది. దాన్ని కొట్టిపారేయడం భావ్యం కాదు. కొందరు డిక్కీలో పరుపు వేసి పిల్లలను పడుకోబెడతారు, కొందరు రెండో వరుసలో నలుగురిని సర్దుతారు. బెల్టు లేని ప్రతి ఏర్పాటూ ప్రమాదకరమే. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది. డిక్కీ సీటుతో వచ్చే అదనపు ప్రమాదం, అది భద్రంగా కనిపించడం. పరుపు మీద పిల్లలుంటే కారు నడిపే తండ్రి కాస్తయినా జంకుతాడు. రెగ్జిన్ సీటు చూస్తే ఆ జంకు పోతుంది.

ఆరో సీటు అవసరం ఏడాదికి నాలుగైదు సార్లే పడుతుంటే ఆ నాలుగైదు సార్లకు పసుపు నంబరు పలక ఉన్న ఏడు సీట్ల వాహనం అద్దెకు తీసుకోవడం అన్ని లెక్కల్లోనూ చౌక. తెలిసినవారి తెల్ల పలక కారును అద్దెకు తీసుకుంటే బీమా చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. వారం వారం ఆరుగురు ప్రయాణిస్తుంటే మాత్రం కారు మార్చుకోవడమే సరైన పని. ఎర్టిగా, క్యారెన్స్, ఇన్నోవా లాంటివి పాతవైనా మొదటి నుంచీ మూడు వరుసల కోసం పుట్టిన బండ్లు. చిన్న ఇంటికి, ఇరుకు సందులకు నాలుగు మీటర్లకు లోబడిన రెనో ట్రైబర్ ఆలోచించదగ్గది. దాని మూడో వరుసను ఊడదీసి ఇంట్లో పెట్టుకునేలా కంపెనీయే తయారు చేసింది. ఏడుగురు కూర్చుంటే దాని డిక్కీ 84 లీటర్లే, మూడో వరుస తీసేస్తే 625 లీటర్లు. ఏ ఏడు సీట్ల కారులోనైనా ఈ ఇబ్బంది ఉంటుంది. మూడు వరుసలూ నిండితే సఫారీలో మిగిలేది 73 లీటర్లు, అంటే రెండు చేతి సంచుల జాగా. పండక్కి ఊరెళ్లే ఏడుగురి సామాను ఎక్కడ పెట్టాలో కొనే ముందే అనుకోవాలి. మూడో వరుసలో భుజం పట్టీతో సహా బెల్టులు, తల ఆనించే దిండ్లు రెండు సీట్లకూ ఉన్నాయో లేదో షోరూములోనే చేత్తో లాగి చూడాలి.

పాత కార్ల బజారులో మరో జాగ్రత్త అవసరం. ఏడు సీట్ల బండి అని చూపించినప్పుడు మొదట ఆర్‌సీలో సీట్ల సంఖ్య చూడాలి. తర్వాత వెనుక కార్పెట్ ఎత్తి సీటు కాళ్లు దిగిన చోటు గమనించాలి. కంపెనీ బిగింపు దగ్గర రంగు అతుకు లేకుండా ఉంటుంది, నట్టు బాడీలో కలిసిపోయి ఉంటుంది. డ్రిల్లు చేసిన చోట అంచు గరుకుగా ఉండి, కింద వాషరు కనిపిస్తుంది. కంపెనీ బెల్టు పట్టీ చివర కుట్టిన చీటీ మీద తయారీ వివరాలు ఉంటాయి. రెండో వరుస బెల్టు చీటీతో వెనుక బెల్టు చీటీని పోల్చి చూస్తే తేడా దొరుకుతుంది.

ఇప్పటికే సీటు వేయించుకున్నవారు దాన్ని తీయించేయడం మంచిది. తీసిన తర్వాత రంధ్రాలను రబ్బరు బిరడాలతో మూసి వదిలేయకూడదు. కారు కింది భాగం చూసి, బ్రేకు పైపులకు, వైర్లకు గీతలు పడలేదని నిర్ధారించుకుని, రేకును శుభ్రం చేయించి, బాడీ పని తెలిసిన వారితో పూడ్పించి, లోపలా కిందా తుప్పు నిరోధక పూత వేయించాలి. ఆ పని వానలు మొదలయ్యేలోగా చేయించుకుంటే డిక్కీలోకి నీళ్లు దిగవు.